ఎర శీర్షికలు

1835వ సంవత్సరం ఆగస్టు 25వ తేదీన న్యూయార్కు నగరంలో వెలువడే 'సన్' అనే దినపత్రిక ఒక వ్యాసమాలను ప్రారంభించినది. సర్ జాన్ హెర్షెల్ అనే ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొనలో బ్రహ్మాండమైన దూరదర్శినిని నెలకొల్పి చంద్రుని పరిశీలించినాడనీ, అక్కడ అడవులు, అడవిదున్నలను పోలిన మృగాలు, రెండు కాళ్ళపై నడిచే బీవరులు, చివరకు గబ్బిలపు రెక్కలు గల మనుష్యులు కూడా కనిపించినారనీ ఆ వ్యాసాల సారాంశం. హెర్షెల్ ఆ రోజులలో నిజంగానే కేప్‌లో ఉండి ఆకాశాన్ని పరిశీలిస్తున్నాడు. తక్కినదంతా కట్టుకథ. రిచర్డ్ ఆడమ్స్ లాక్ అనే పత్రికా రచయిత దానిని అల్లినాడని చెబుతారు. ఆరు భాగాలుగా సాగిన ఆ కథను నగరవాసులు ఆతురతతో చదివినారు.

ఈ వ్యవహారంలో గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. ఆ వ్యాసాల శీర్షిక ఏమాత్రం కేకలు వేసేది కాదు. సర్ జాన్ హెర్షెల్ ఇటీవల ఖగోళశాస్త్రంలో చేసిన గొప్ప ఆవిష్కరణలు అని మాత్రమే అది చెప్పినది. ఏ విద్వత్సభ ప్రచురించే పత్రికలోనైనా అట్టి శీర్షిక ఇమిడిపోతుంది. అబద్ధమంతా వ్యాసం లోపల ఉన్నది. దానిని అందుకోవడానికి పాఠకుడు పుటలకు పుటలు చదువవలసి వచ్చినది. నేడు సెల్‌ఫోను తెరమీద జరుగుతున్నది సరిగా దీనికి తలక్రిందులు. లోపలి సంగతి చాలాసార్లు నిజమే, లేదా ఉప్పూ కారమూ లేని చప్పిడి సంగతి. పని అంతా శీర్షికే చేస్తుంది. పాఠకుడు వ్రేలితో ఒకసారి తాకితే చాలు, శీర్షిక తన పని ముగించుకున్నట్లే. తాకిన తరువాత అతడు చదివినాడా, చదివి తృప్తి పడినాడా అన్నది శీర్షిక వ్రాసినవాని లెక్కలో లేదు.

ఇట్టి శీర్షికలకు 'క్లిక్‌బెయిట్' అని పేరు వచ్చినది. క్లిక్ అంటే తెరమీది మీట నొక్కడం. బెయిట్ అంటే గాలానికి గ్రుచ్చే ఎర. తెలుగులో 'ఎర శీర్షిక' అంటే సరిపోతుంది. సామాజిక మాధ్యమాలలో ప్రకటనల ఆదాయం ఎందరు పుట తెరిచినారు, ఎందరు చూచినారు అన్న లెక్కమీద చాలవరకు ఆధారపడి ఉంటుంది. దినపత్రికకు చందా కట్టినవాడు ఒకనాటి శీర్షిక నచ్చకపోయినా మరునాడు పత్రికను అందుకుంటాడు. తెరమీద ఐతే ప్రతి శీర్షికా విడివిడిగా అమ్ముడుపోవలసిన సరకు. దాని ప్రక్కనే సినిమా సంగతులు, వంటల దృశ్యాలు, బంధువుల పెండ్లి ఫొటోలు, ఎన్నికల తగాదాలు పోటీగా నిలబడి ఉంటాయి. ఇంత సందడిలో శీర్షిక అరవక తప్పదని వ్యాపార ప్రచారం చేసేవారు వాదిస్తారు. వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. సంతలో గొంతెత్తనివాని గంపవైపు ఎవరు చూస్తారు? ఐతే 'లేత వంకాయలు' అని అరవడం వేరు. గంపమీద గుడ్డ కప్పి 'ఇందులో ఏమున్నదో తెలిస్తే నోరు వెళ్ళబెడతారు' అని అరవడం వేరు.

ఎర శీర్షికకు దాని వ్యాకరణం దానికి ఉన్నది. 'ఈ ఒక్క ఆకు చాలు', 'ఆమె చేసిన పని చూస్తే', 'ఇది తెలియక ఎందరో' అనే మాటలు తెరమీద ప్రతిరోజూ కనిపించేవే. సర్వనామం నామానికి బదులు వాడే మాట అని పిల్లలు చిన్న తరగతులలోనే నేర్చుకుంటారు. ముందు నామం చెప్పి, తరువాత 'అతడు', 'అది' అని వాడడం మర్యాద. ఎర శీర్షిక ఈ వరుసను త్రిప్పివేస్తుంది. ముందు సర్వనామం, నామం మాత్రం మీట నొక్కిన తరువాత. బ్లోమ్, హన్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు డెన్మార్కులోని పది వార్తాస్థలాల నుండి లక్ష శీర్షికలు సేకరించి పరిశీలించి, ఈ ముందుచూపు సర్వనామాలు ఎరగా ఎట్లు పనిచేస్తున్నాయో 2015లో వివరించినారు. వారు చూచినది డేనిష్ భాష. తెలుగు శీర్షికలకు కూడా అది చక్కగా సరిపోతుంది. పైగా తెలుగులో ఎర వేసేవానికి మరొక సౌకర్యం ఉన్నది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అది రాకముందే రెండు చుక్కలు పెట్టి వాక్యాన్ని ఆపితే కర్త, కర్మ గాలిలో వ్రేలాడుతూ ఉంటాయి. 'నాసా సంచలన ప్రకటన.. భూమి ఇక..' అన్నప్పుడు భూమి ఏమైనదో చెప్పే ఒక్క మాటా దాచబడినది. ఆ మాట 'యథాతథం' కావచ్చును.

దాచిన మాట కోసం మనస్సు ఎందుకు కొట్టుకొంటుంది? అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జి లోవెన్‌స్టైన్ 1994లో జిజ్ఞాసను గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించినాడు. తెలిసినదానికీ తెలుసుకోగోరేదానికీ మధ్య ఉన్న ఖాళీ మనస్సుకు తగిలినప్పుడు జిజ్ఞాస పుడుతుందనీ, అది ఒక విధమైన లేమి బాధ అనీ, జవాబు దొరికితే శమిస్తుందనీ ఆయన వాదం. ఆకలితో దీనిని పోల్చవచ్చును. ఆకలికీ దీనికీ భేదం కూడా ఉన్నది. ఏమీ తెలియనివానికి ఈ ఆకలి పుట్టదు. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో విద్యార్థులకు చిన్న చిన్న ప్రశ్నలు ఇచ్చి, జవాబు తెలుసునన్న నమ్మకం ఎంత, తెలుసుకోవాలన్న కుతూహలం ఎంత అని అడిగినారు. బొత్తిగా తెలియని ప్రశ్నలపైనా, బాగుగా తెలిసిన ప్రశ్నలపైనా కుతూహలం తక్కువ; తెలిసీ తెలియనట్లుండే ప్రశ్నలపై ఎక్కువ. నోటి చివర ఉండి బయటకు రాని పేరు మనిషిని ఎంత వేధిస్తుందో అందరికీ అనుభవమే.

ఉపాధ్యాయుడు ప్రతిదినం చేసే పని కూడా ఇదే గదా అని ఒకరు అడుగవచ్చును. గాజుగ్లాసు నిండా నీరు పోసి, దానిపై అట్టముక్క మూసి, గ్లాసును తలక్రిందులు చేయబోయే ముందు 'నీరు కారుతుందా, కారదా?' అని మాస్టారు అడుగుతారు. తరగతి ఊపిరి బిగబట్టి చూస్తుంది. అక్కడా ఖాళీ ఉన్నది, అక్కడా నిరీక్షణ ఉన్నది. ఐతే ఆ ప్రశ్నలో దాపరికం లేదు. గ్లాసు కనిపిస్తున్నది, నీరు కనిపిస్తున్నది, అడిగినదేమిటో ప్రతి పిల్లవానికీ తెలుసు. తెలియనిది జవాబు ఒక్కటే, ఆ జవాబును తనంతట తాను ఊహించడానికి కావలసిన సామగ్రి అంతా వాని ముందు ఉన్నది. ఎర శీర్షికలో దాచబడినది జవాబు కాదు, ప్రశ్న. దేనిని గురించి కుతూహలపడుతున్నాడో పాఠకునికే తెలియదు. ఊహించడానికి పట్టు దొరకదు. కాబట్టి అతడు ఆలోచింపడు, తాకుతాడు.

ప్రశ్నరూపంలో ఉన్న శీర్షికలన్నీ మోసాలే అనడం కూడా తప్పు. మార్క్ కాట్జ్ అనే గణితవేత్త 1966లో వ్రాసిన ఒక వ్యాసానికి 'డోలు ఆకారాన్ని వినగలమా?' అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. ఆ పేరు ఆకర్షిస్తుందనడంలో సందేహం లేదు. డోలు ఎవరికీ తెలియని వస్తువు కాదు. దాని నుండి వెలువడే స్వరాలన్నీ తెలిస్తే దాని తోలు అంచు ఏ ఆకారంలో ఉన్నదో చెప్పగలమా అన్నది ప్రశ్న. వ్యాసం చదువకుండానే ఆలోచన మొదలుపెట్టవచ్చును. జవాబు దాచే అవసరం కూడా కాట్జ్‌కు లేకపోయినది. అప్పటికి అది ఎవరికీ తెలియదు. 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ అనే ముగ్గురు ఒకే స్వరాలు పలికే రెండు వేర్వేరు ఆకారాలు చూపి, చెప్పలేమని తేల్చినారు. 26 సంవత్సరాలు పనిచేసిన శీర్షిక అది.

ఇక ఎరను ప్రయోగశాల పద్ధతికి తెచ్చిన సంస్థ ఒకటి ఉన్నది. దాని పేరు అప్‌వర్దీ. ఇలై పారిసర్, పీటర్ కెష్లీ అనే ఇద్దరు అమెరికాలో 2012 మార్చిలో దీనిని ప్రారంభించినారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. పేదరికం, రోగాలు, జాతివివక్ష వంటి గంభీర విషయాలమీద మంచి దృశ్యచిత్రాలు ఎవరూ చూడక మూలపడి ఉంటున్నాయి. వాటిని లక్షలమంది చేత చూపించాలి అన్నది సంకల్పం. అందుకు వారు పెట్టుకొన్న నియమం ఒకటి ప్రసిద్ధికెక్కినది. ఒక్కొక్క అంశానికి 25 శీర్షికలు వ్రాయవలెను. వాటిలో బాగున్నవి కొన్ని ఏరి, వచ్చిన పాఠకులను యాదృచ్ఛికంగా గుంపులుగా విభజించి, ఒక గుంపుకు ఒక శీర్షిక, ఇంకొక గుంపుకు ఇంకొకటి చూపవలెను. ఏ శీర్షికను ఎక్కువమంది తాకినారో అదే నిలుస్తుంది. 2013 నవంబరు నాటికి ఈ స్థలాన్ని ఒక్క నెలలో చూచినవారి సంఖ్య ఎనిమిది కోట్లు దాటినది.

ఆ శీర్షికలలో మిక్కిలి పేరుపొందినదానిని ఉదాహరణగా తీసికొనవచ్చును. ఎముకల క్యాన్సరుతో పోరాడుతూ పాటలు వ్రాసుకొన్న ఒక బాలుని గురించి తీసిన చిత్రం అది. చిత్రం మంచిది, మర్యాద గలది. దానిపై పెట్టిన శీర్షిక మాత్రం ఈ పిల్లవాడు ఇప్పుడే చనిపోయినాడనీ, వాడు వదలిపోయినది అద్భుతమనీ చెప్పినది. అద్భుతం అనడానికి రెండు ఇంగ్లీషు మాటలను అతికి ఒక కొత్త మాట కూడా తయారుచేసినారు. పిల్లవాని పేరు లేదు, రోగం పేరు లేదు, పాట అనే మాట లేదు. చావు ఉన్నది, ఒక మూత పెట్టిన పెట్టె ఉన్నది. చిత్రాన్ని చూచినవారు నిజంగానే కన్నీరు పెట్టుకొని ఉంటారు. వారికి జరిగిన నష్టం ఏమీ లేదనవచ్చును. కాని ఆ శీర్షిక గెలిచిన తరువాత దాని అచ్చులో వేల శీర్షికలు పోతపోయబడినాయి. మంచి చిత్రానికి పనికివచ్చిన మూతపెట్టె ఖాళీ పెట్టెకు ఇంకా బాగా పనికివస్తుందని ఇతరులు త్వరగానే గ్రహించినారు. 2015లో సంస్థ స్థాపకులలో ఒకరైన కెష్లీ ఈ ధోరణిని లోకం మీదికి వదలినందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకొన్నాడు.

విజ్ఞానశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. అప్‌వర్దీ చేసినది అశాస్త్రీయమైన పని కాదు. పోల్చవలసిన రెండింటిని ఒకే స్థితిలో ఉంచడం, పాఠకులను యాదృచ్ఛికంగా పంచడం, ఫలితాన్ని అంకెలలో కొలవడం, ఇవన్నీ మందుల పరీక్షలోనూ ఎరువుల పరీక్షలోనూ పాటించే నియమాలే. ప్రయోగంలో లోపం లేదు. లోపం కొలిచిన రాశిలో ఉన్నది. వారు కొలిచినది వ్రేలి స్పర్శ. కోరినది మనస్సులో మార్పు. రెండూ ఒకటి కావు. రోగికి జ్వరం తగ్గిందా అని చూడవలసిన వైద్యుడు మందు సీసాల అమ్మకం లెక్కవేసి సంతోషించినట్లున్నది.

ఈ సంస్థ 2013 జనవరి నుండి 2015 ఏప్రిల్ వరకు జరిపిన 32,487 పరీక్షల వివరాలు 2021లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినాయి. వాటిలో నుండి లక్షకు పైగా శీర్షికల రూపాలను, 37 కోట్ల ప్రదర్శనలను, 57 లక్షల స్పర్శలను తీసికొని 2023లో ఒక పరిశోధక బృందం ఫలితాలు ప్రకటించినది. సగటు పొడవు గల శీర్షికలో విచారం, కీడు సూచించే మాట ఒకటి చేరితే స్పర్శలు 2.3 శాతం పెరుగుతున్నాయనీ, శుభసూచకమైన మాట చేరితే సుమారు 1 శాతం తగ్గుతున్నాయనీ వారు తేల్చినారు.

ఈ 2.3 శాతాన్ని జాగ్రత్తగా చదువవలెను. 37 కోట్ల ప్రదర్శనలకు 57 లక్షల స్పర్శలు అంటే నూటికి ఒకటిన్నర. లక్షసార్లు చూపితే సుమారు 1,540 మంది తాకినారన్నమాట. దానిపై 2.3 శాతం అంటే ఇంచుమించు 35 మంది అధికం. లక్షలో ముప్పయియైదుగురు! ఒక్క పాఠకుని దృష్టిలో ఇది లెక్కకు రాని భేదం. ఐతే కోట్లసార్లు చూపేవానికి ఇదే లాభం, ఈ లాభం కోసం విచారం, కీడు సూచించే మాట ప్రతి శీర్షికలోనూ ఒక్కొక్కటిగా చేరుతుంది. నూటికి తొంబదియెనిమిది మందికి పైగా ఆ శీర్షికను తాకనేలేదు. కాని ఆ మాటను చూడడం మాత్రం చూచినారు. గాలానికి చిక్కని చేపలు కూడా ఎర కరగిన నీటిలోనే ఈదవలసి వస్తున్నది. ఇదే పరిశోధనను ఎర శీర్షికగా మార్చడం ఎంత సులభమో కూడా చూడవచ్చును: 'ఈ ఒక్క మాట చేరిస్తే చాలు.. పాఠకులు ఎగబడతారు'. అందులో అబద్ధమని వ్రేలు పెట్టి చూపగల మాట లేదు.

విజ్ఞానశాస్త్ర వార్తలకు ఎర వల్ల కలిగే హాని మరికొంత లోతైనది. సినిమా వార్తలో దాచిన మాట చివరకు ఒక పేరు. శాస్త్రవార్తలో దాచబడేది తరచుగా ఒక సంభావ్యత. 2024 డిసెంబరు 27న చిలీ దేశంలోని అట్లాస్ దూరదర్శినికి ఒక గ్రహశకలం కనిపించినది. దానికి 2024 వై.ఆర్.4 అని పేరు పెట్టినారు. సుమారు 60 మీటర్ల శకలం. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం స్వల్పంగా ఉన్నదని మొదట లెక్క తేలినది. తరువాతి వారాలలో ఆ అవకాశం నూటికి ఒకటి, రెండు అని పెరిగి, 2025 ఫిబ్రవరి 18న నాసా లెక్క ప్రకారం 3.1 శాతానికి చేరినది. ఫిబ్రవరి 24 నాటికి 0.004 శాతానికి పడిపోయినది. పెరిగిన ప్రతి రోజూ ఎర శీర్షికకు పండుగే. 'నగర సంహారి' అనే బిరుదు దేశదేశాల తెరలమీద తిరిగినది. పడిపోయినప్పుడు, శాస్త్రజ్ఞులు మాట మార్చినారనీ, ఏదో దాస్తున్నారనీ అనుకొన్నవారు కూడా ఉంటారు. అట్లు అనుకోవడానికి శీర్షికలే వారిని సిద్ధం చేసినాయి.

నిజానికి ఆ పెరుగుదలలోనే చక్కని పాఠం ఉన్నది. కొత్తగా కనుగొన్న శకలపు కక్ష్య మొదట స్థూలంగానే తెలుస్తుంది. ఏడేండ్ల తరువాత ఒకానొక రోజున అది ఎక్కడ ఉంటుందో లెక్కవేస్తే ఒక బిందువు రాదు. అంతరిక్షంలో సన్నని పొడవైన పట్టీ వస్తుంది. ఆ పట్టీలో శకలం ఎక్కడైనా ఉండవచ్చును. సులభం కోసం పట్టీ పొడవు 12,75,600 కిలోమీటర్లు అనీ, దానిలో ఏ చోటైనా సమానంగా సంభవమనీ అనుకొంటే, 12,756 కిలోమీటర్ల వ్యాసం గల భూమి దానిలో నూరవ వంతు. అనగా తాకే అవకాశం 1 శాతం. పరిశీలనలు పెరిగి పట్టీ మూడవ వంతుకు కుదించుకొని 4,25,200 కిలోమీటర్లు ఐనదనుకొందాము. భూమి ఇంకా దానిలోనే ఉంటే అవకాశం 3 శాతం అవుతుంది. ప్రమాదం పెరుగలేదు, అజ్ఞానం తరిగినది. పట్టీ ఇంకా కుదించుకొని భూమి దాని అంచు దాటి బయట పడినప్పుడు అంకె ఒక్కసారిగా కూలిపోతుంది. ఈ శకలం విషయంలో జరిగినది స్థూలంగా ఇదే. 'తాకే అవకాశం నూటికి మూడు. పరిశీలనలు పెరిగితే మారుతుంది' అన్న శీర్షిక చప్పగా ఉన్నదని ఎవరైనా అంటారా? 'ప్రమాదావకాశం పెరిగి పెరిగి ఎందుకు పడిపోతుంది?' అంటే ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా ఆగి చూస్తాడు. ఆ ప్రశ్నలో ఖాళీ ఉన్నది, ఖాళీ ఎక్కడ ఉన్నదో కూడా కనిపిస్తున్నది.

శీర్షిక ఎట్లున్నా లోపల సరియైన సంగతి ఉంటే చాలునని కొందరు సమాధానపడతారు. ఈ సమాధానం నిలువదు. ట్విటర్‌లో ప్రచారమైన లంకెలను పరిశీలించి కొలంబియా విశ్వవిద్యాలయానికీ, ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థకూ చెందిన పరిశోధకులు 2016లో ఒక లెక్క ప్రకటించినారు. పంచుకోబడిన లంకెలలో 59 శాతాన్ని ఎవరూ తెరవనేలేదు. అట్టివాటి విషయంలో శీర్షికయే వార్త. చదివినవారి సంగతి ఇంకా విచిత్రం. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో ఎకర్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాలలో ఒకే వ్యాసానికి రెండు శీర్షికలు పెట్టి చదివించినారు. దొంగతనాలను గురించిన వ్యాసం ఒకటి. ఏడాదిలో అవి కొద్దిగా పెరిగినాయి, పదేండ్లలో చూస్తే తగ్గినాయి. రెండూ వ్యాసంలోనే ఉన్నాయి. శీర్షిక దేనిని ఎత్తి చూపినదో పాఠకులకు అదే బాగా గుర్తున్నది. రెండు శీర్షికలూ నిజమే. పూర్తిగా చదివినా శీర్షిక వేసిన వంకర పోలేదు.

మాధ్యమాల యజమానులు ఊరకున్నారని చెప్పరాదు. ఫేస్‌బుక్ సంస్థ 2014 ఆగస్టులో తన పాఠకులను అడిగి, నూటికి 80 సందర్భాలలో వారు కోరేది ముందే సంగతి తెలిపే శీర్షికనే అని ప్రకటించినది. తాకి లోపలికి పోయినవాడు వెంటనే వెనుదిరిగి వస్తే ఆ శీర్షిక మోసగించినదని గుర్తించి, అట్టివాటిని క్రిందికి త్రోయడం ప్రారంభించినది. 2016లో మరొక అడుగు వేసి, సంగతి దాచే శీర్షికలను, ఉన్నదానిని ఉబ్బించే శీర్షికలను యంత్రం చేత గుర్తింపజేసినది. యూట్యూబ్ 2012లోనే చూచినవారి సంఖ్యకు బదులు చూచిన కాలానికి ప్రాధాన్యం ఇచ్చినది. మంచి మార్పులే. కాని కొలత మారగానే ఎర కూడా మారినది. 'చివరి వరకు చూడండి, అసలు సంగతి చివరలో' అన్న విన్నపం చూచిన కాలాన్ని కొలిచే లోకంలో పుట్టిన పంట. కొలతను గురిగా పెట్టుకొంటే అది కొలతగా చెడిపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుమీద ఒక సూత్రం చెలామణిలో ఉన్నది. పరీక్ష మార్కుల సంగతి ఎరిగిన ఉపాధ్యాయులకు దీనిని వివరించనక్కరలేదు.

వీటన్నిటికంటె పాతదై, ఎవరి లాభానికీ సంబంధం లేకుండా ఇంకా తిరుగుతున్న ఎర ఒకటి ఉన్నది. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి సుమారు 5 కోట్ల 57 లక్షల కిలోమీటర్ల దగ్గరకు వచ్చినాడు. అంత దగ్గరకు వచ్చి సుమారు 60,000 సంవత్సరాలైనది. ఆ సందర్భంలో ఇంగ్లీషులో ఒక సందేశం ప్రచారమైనది. 75 రెట్లు పెద్దదిగా చూపే దూరదర్శినిలో చూస్తే అంగారకుడు, ఉత్త కంటికి పున్నమి చంద్రుడు కనిపించినంత కనిపిస్తాడు అని దాని భావం. వాక్యం రెండు పంక్తులుగా విరిగినది. చేతులు మారినకొద్దీ దూరదర్శిని ఉన్న మొదటి పంక్తి జారిపోయినది, తరువాత సంవత్సరం కూడా జారిపోయినది. మిగిలినది: ఆగస్టు 27న ఆకాశంలో ఇద్దరు చంద్రులు. అప్పటి నుండి ఆ మాట ఆగస్టు వస్తే చాలు మళ్ళీ బయలుదేరుతున్నది. అంగారకుడు మాత్రం ప్రతి ఆగస్టులోనూ దగ్గరకు రాడు. సుమారు 26 నెలలకొకసారి వస్తాడు. 2027లో వచ్చేది ఫిబ్రవరిలో, అదీ 10 కోట్ల కిలోమీటర్ల దూరానికి.

దీనిని తరగతిలో తూచి చూడడానికి ఆకాశం కూడా అక్కరలేదు. 2003లో అంగారకుని కోణీయ వ్యాసం 25 సెకండ్లు; చంద్రునిది సుమారు 1,860 సెకండ్లు. 25 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్ళను ఒక విద్యార్థి రెండుమ్ముప్పాతిక మీటర్ల దూరాన పట్టుకొని నిలబడితే అది చంద్రునంత కనిపిస్తుంది. అదే కొలత గల మరొక బిళ్ళను ఆనాటి అంగారకునంతగా చూపాలంటే దానిని పట్టుకొన్న విద్యార్థి 206 మీటర్ల దూరం పోవలెను. చాలా బడుల ఆటస్థలాలలో అంత దూరం దొరకదు; రెండవ విద్యార్థి గేటు దాటి వీధి చివరకు నడవవలసి వస్తుంది.